28 రోజుల డీఅడిక్షన్ ప్యాకేజీ: దేనికి డబ్బు కడుతున్నామో విప్పి చూస్తే

మద్యం గానీ మత్తుమందులు గానీ మాన్పించే సెంటర్లు ఎక్కువగా అమ్మేది ఒకటే ప్యాకేజీ. 28 లేదా 30 రోజులు లోపల ఉంచుకోవడం, మొదట డీటాక్స్ (మత్తు ఆపిన తొలి రోజులను వైద్యంతో దాటించడం), తర్వాత కౌన్సెలింగ్, నెల తిరగ్గానే ఇంటికి పంపడం. ఈ సమీక్ష ఏదో ఒక సెంటరు మీద కాదు, ఈ ప్యాకేజీ మీద. మా అంచనా ముందే చెప్పేస్తాం. మొదటి వారం, సరైన వైద్యుడు ఉన్నచోట, కట్టిన డబ్బుకు పూర్తి విలువ ఇస్తుంది. తర్వాతి మూడు వారాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. డిశ్చార్జ్ అయ్యాక జరగాల్సిన పని చాలా ప్యాకేజీల్లో ఉండనే ఉండదు, ఉన్నా పేరుకే. మానేసిన మనిషి నిలబడతాడా లేదా అన్నది ఎక్కువగా తేలేది మాత్రం అక్కడే.

ఇంతకీ ఈ 28 ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1949లో హేజెల్డెన్ సంస్థ మొదలైంది. 1950లలో అక్కడే రూపుదిద్దుకున్న పద్ధతికి మిన్నెసోటా మోడల్ అని పేరు. నాలుగు వారాలు లోపల ఉండటం, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం వాళ్ల, దైవం మీద నమ్మకంతో సాగే పన్నెండు మెట్లు, గ్రూపు చర్చలు, తాగుడు మానేసినవాళ్లే కౌన్సెలర్లుగా ఉండటం దాని లక్షణాలు. బీమా కంపెనీలు కూడా నాలుగు వారాల లెక్కనే చెల్లించడంతో ఆ అంకె పాతుకుపోయింది. మెదడు కోలుకోవడానికి 28 రోజులు చాలునని ఎవరూ పరీక్షించి తేల్చలేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ నైడా సూచనల ప్రకారం 90 రోజుల లోపు చికిత్సకు ప్రభావం తక్కువ, హెరాయిన్ లాంటివాటికి బదులు వైద్యులు ఇచ్చే మెథడోన్ అనే మందుతో చికిత్సకైతే కనీసం 12 నెలలు కావాలి. ఆ 90 రోజులూ గదిలో బంధించి ఉంచాలని కాదు. కొన్ని రోజులు లోపల, మిగతావి ఇంటి నుంచి వచ్చిపోతూ గడిపినా ఆ లెక్కలోకే వస్తాయి. అందుకే ప్యాకేజీని మొత్తం చికిత్సగా కాకుండా దాని మొదటి మూడో వంతుగా చూసి బేరం చేయండి.

ఫోన్ చేసిన మొదటి పది నిమిషాలు

అవతల ఫోన్ ఎత్తేది నర్సో, కౌన్సెలరో కాకపోవచ్చు. చాలా చోట్ల అది అమ్మకాల సిబ్బంది పని. ఇంటర్నెట్‌లో ఉచిత హెల్ప్‌లైన్ పేరుతో కనిపించే కొన్ని నంబర్లు కూడా నిజానికి కాల్ సెంటర్లవి. మీ ఫోన్‌ను ఏ సెంటరు ఎక్కువ ఇస్తే ఆ సెంటరుకు కలుపుతాయి. పేషెంట్‌ను తెచ్చినవాళ్లకు కమీషన్ ఇచ్చే ఈ దందా ఎంత ముదిరిందంటే అమెరికా 2018లో దాన్ని నేరంగా చేస్తూ ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. కాబట్టి మొదటి ప్రశ్న మొహమాటం లేకుండా అడగండి: మీరు ఈ సెంటరులోనే పనిచేస్తున్నారా, నన్ను చేర్పిస్తే మీకు విడిగా ఏమైనా ముడుతుందా?

వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతున్నారన్నది ఇంకా పెద్ద గుర్తు. పని తెలిసిన సెంటరు గది గురించి మాట్లాడేముందే ఇవి అడుగుతుంది. చివరిసారి ఎప్పుడు, ఎంత తీసుకున్నారు? ఇదివరకు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చాయా, అయోమయం కలిగిందా? నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నారా? కాలేయం, గుండె ఎలా ఉన్నాయి? గర్భం ఉందా? ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయా? ఇవేవీ అడగకుండా ఎప్పుడు చేరతారు, అడ్వాన్స్ ఎంత కడతారు అని మొదలుపెడితే ఆ ఫోన్ అక్కడితో పెట్టేయడం మేలు.

అసలు లోపల ఉండాల్సిన అవసరం అందరికీ లేదు. అమెరికా వ్యసన వైద్యుల సంఘం రూపొందించిన ప్రమాణాల్లో చికిత్సకు మెట్లున్నాయి. వారానికి ఒకటి రెండు సార్లు వచ్చిపోయేది, వారానికి కనీసం 9 గంటలు ఇచ్చేది, 20 గంటలు ఇచ్చేది, ఆ పైన లోపల ఉంచేది. విత్‌డ్రాయల్ (అలవాటైన మత్తు ఆపగానే శరీరంలో వచ్చే బాధలు) ప్రమాదం, శరీర ఆరోగ్యం, మానసిక స్థితి, ఇంటి వాతావరణం చూసి మెట్టు నిర్ణయిస్తారు. ఇంట్లో తోడుండేవాళ్లున్నారు, ఎప్పుడూ ఫిట్స్ రాలేదు, ఉద్యోగం నిలిచే ఉంది అన్న మనిషికి రోజూ వచ్చిపోయే చికిత్స సరిపోవచ్చు. మంచాలు మాత్రమే ఉన్న సెంటరు ఆ మాట చెప్పదు.

డీటాక్స్: ప్యాకేజీలో నిజంగా వైద్యం జరిగే వారం

మద్యం సంగతి ముందు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమట, వికారం, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య. డెలీరియం ట్రెమెన్స్ అనే ప్రాణాంతక స్థితి 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. లేనివి కనిపించడం, తానెక్కడున్నాడో తెలియకపోవడం, జ్వరం, బీపీ ఎగబాకడం దాని లక్షణాలు. అంటే రెండో రాత్రి, మూడో రాత్రి మేల్కొని చూసే నర్సు ఉందా అన్నది గదిలో ఏసీ ఉందా అన్నదానికంటే వెయ్యి రెట్లు ముఖ్యం. పగలు ఒకసారి డాక్టరు వచ్చి వెళ్లి, రాత్రికి వార్డెన్ ఒక్కడే మిగిలే సెంటర్లలో మద్యం డీటాక్స్ చేయించకూడదు.

తీవ్రతను కొలవడానికి సీవా అనే పట్టిక ఉంది. వణుకు, చెమట, ఆందోళన, వికారం, తలనొప్పి, భ్రమలు లాంటి 10 అంశాలు, గరిష్ఠంగా 67 మార్కులు. 10 లోపు తేలిక, 19 దాటితే తీవ్రం. మొదటి రోజుల్లో కొన్ని గంటలకోసారి, మార్కులు ఎక్కువైతే గంట గంటకూ కొలిచి, దాన్ని బట్టి డయాజెపామ్ గానీ క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ ఇస్తారు. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకు లోరాజెపామ్ వైపు మొగ్గుతారు, ఎందుకంటే అది శరీరంలో పేరుకుపోదు. ఒక చిక్కు చెప్పాలి. ఈ పట్టిక పేషెంట్ జవాబుల మీద ఆధారపడింది. మనిషి అప్పటికే అయోమయంలో ఉంటే మార్కులు తప్పుదారి పట్టిస్తాయి. అప్పుడు పట్టిక పక్కన పెట్టి పెద్దాసుపత్రికి తరలించాలి. ఏ ఆసుపత్రికి, ఏ వాహనంలో, ఎన్ని నిమిషాల్లో అన్నదానికి సెంటరు దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి.

థయమిన్, అంటే విటమిన్ బి1, ఇంకో గీటురాయి. ఏళ్ల తరబడి తాగేవాళ్లలో ఇది అడుగంటి ఉంటుంది. ఆ లోపం సరిచేయకుండా సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కిస్తే వెర్నికే ఎన్‌కెఫలోపతీ అనే మెదడు జబ్బు ముంచుకురావచ్చు, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ప్రమాదం ఉన్నవాళ్లకు మాత్ర చాలదు, ఇంజెక్షనే ఇవ్వాలి, గ్లూకోజ్‌కు ముందో దానితోపాటో ఇవ్వాలి. మీరు థయమిన్ ఎలా ఇస్తారు అని అడిగి చూడండి. తడుముకుంటే అది డీటాక్స్ సెంటరు కాదు, హాస్టల్.

నిద్రమాత్రల అలవాటు గురించి చాలా ప్యాకేజీలు నోరెత్తవు. అల్ప్రజొలామ్ లాంటి బెంజోడయాజెపీన్లు నెలల తరబడి వేసుకున్నవాళ్లకు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించుకుంటూ రావడం ఇప్పటి పద్ధతి. లెక్కేస్తే అది నెలల పని. 28 రోజుల్లో పూర్తిగా మాన్పిస్తాం అన్న మాట ఇక్కడ అబద్ధమన్నా కావాలి, ప్రమాదమన్నా కావాలి.

ఇక హెరాయిన్, నొప్పి మాత్రలు లాంటి ఓపియాయిడ్లు. ఈ ప్యాకేజీ మీద మాకున్న అతిపెద్ద ఫిర్యాదు ఇక్కడే. హెరాయిన్ ఆపిన 8 నుంచి 24 గంటల్లో ఒళ్లు నొప్పులు, విరేచనాలు, వాంతులు, ఆవులింతలు మొదలై, రెండు మూడు రోజులకు శిఖరానికి చేరి, వారం పది రోజుల్లో తగ్గుతాయి. సెంటరు దీన్ని దాటించి, మనిషి శుభ్రమయ్యాడని చెప్పి, చేతిలో ఏ మందూ పెట్టకుండా ఇంటికి పంపుతుంది. ఈలోగా శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని పోగొట్టుకుంటుంది. బయటికి వచ్చాక ఒక్కసారి జారి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అందుకే డిశ్చార్జ్ అయిన మొదటి రెండు నుంచి నాలుగు వారాలు, చేరకముందు రోజులకంటే ఎక్కువ ప్రమాదకరం. కుటుంబాలు ఊపిరి పీల్చుకునే రోజులూ అవే.

దీనికి విరుగుడు తెలియనిది కాదు. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. కొనసాగించినన్నాళ్లూ చావు ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి. బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టడంలో ఒక మెలిక ఉంది. విత్‌డ్రాయల్ తగినంత మొదలవకముందే ఇస్తే అదే విత్‌డ్రాయల్‌ను ఒక్క దెబ్బలో తెచ్చిపెడుతుంది. అందుకే ఓపియాయిడ్ విత్‌డ్రాయల్ తీవ్రతను కొలిచే 11 అంశాల కౌస్ పట్టికలో మార్కులు 8 నుంచి 12 మధ్యకు వచ్చేదాకా ఆగుతారు. ఇది పాటించని చోట పేషెంట్ మొదటి మాత్రకే బెదిరిపోయి, ఆ మందు నాకు పడదు అని వెళ్లిపోతాడు. మందు తప్పు కాదది, తొందరపాటు తప్పు. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టడమే అంటూ ఈ మందులను గుమ్మం దగ్గరే ఆపేసే సెంటర్లున్నాయి. ఓపియాయిడ్ సమస్య ఉన్నవాళ్లను అలాంటి చోట చేర్పించవద్దు. ఈ ఒక్క విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు.

ఈ రెండు మందులూ వద్దనుకునేవాళ్లకు, ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్ ఉంది, నెలకోసారి 380 మిల్లీగ్రాములు. దానికి ముందు 7 నుంచి 10 రోజులు ఏ ఓపియాయిడ్ లోపలికి వెళ్లకూడదు. ఇక మత్తు ఇచ్చి పడుకోబెట్టి ఒక్క రోజులో డీటాక్స్ ముగిస్తాం అనే ప్రకటనలు కనిపిస్తే దూరంగా జరగండి. ఆ పద్ధతిలో మరణాలు నమోదయ్యాయి, లాభం మాత్రం మామూలు పద్ధతికంటే ఎక్కువ లేదు.

గంజాయి, కొకైన్, మెథాంఫెటమిన్ విషయంలో డీటాక్స్ భాగానికి ఎక్కువ డబ్బు కట్టనక్కర్లేదు. వీటిని మాన్పించడానికే ఆమోదం పొందిన మందంటూ లేదు. నిద్ర, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కనిపెట్టుకుని ఉండాలి. కొకైన్, మెథాంఫెటమిన్ లాంటి ఉత్తేజకాలకు బాగా రుజువైన పద్ధతి కంటింజెన్సీ మేనేజ్‌మెంట్. మూత్ర పరీక్షలో ఏమీ తేలని ప్రతిసారీ చిన్న బహుమతి, వరుసగా తేలకపోతే బహుమతి పెరుగుతూ పోవడం. వినడానికి పిల్లల ఆటలా ఉన్నా పనిచేస్తుంది. ప్యాకేజీల్లో కనబడటం అరుదు.

రెండో వారం నుంచి నాలుగో వారం దాకా

వారం టైంటేబుల్ కాగితం మీద అడిగి తీసుకోండి. టీవీ, యోగా, ఆటలు, ప్రసంగాలు పక్కన పెట్టి, కౌన్సెలర్ ఎదురుగా ఒక్కరే కూర్చునే గంటలు ఎన్నో లెక్కపెట్టండి. వారానికి ఒకటైనా లేకపోతే మీరు కడుతున్నది బసకే. గ్రూపులో పది పన్నెండు మంది దాటితే అది గ్రూపు కాదు, తరగతి. సగం మంది నోరు విప్పకుండానే నెల గడిచిపోతుంది.

లోపల జరిగే పనికి కొన్ని ఆధారాలున్నాయి. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతిని విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించాడు. వాదించి ఒప్పించకుండా, మానాలన్న కారణాలు పేషెంట్ నోటి నుంచే రాబట్టే పద్ధతి అది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో ఏ సమయం, ఏ మనుషులు, ఏ మనఃస్థితి తాగుడు వైపు లాగుతున్నాయో రాయించి, ప్రతిదానికీ ఏం చేయాలో సాధన చేయిస్తారు. పన్నెండు మెట్ల విషయంలో 2020లో వచ్చిన కాక్రేన్ (పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష, పూర్తిగా మానేసి ఉండటంలో అది ఇతర మానసిక చికిత్సలతో సమానంగానో, కొన్నిసార్లు మెరుగ్గానో ఉందని తేల్చింది. దైవం మాట నచ్చనివాళ్లకు అదే సెంటరులో వేరే దారి ఉందా అన్నది అడగదగ్గ ప్రశ్న. తిట్టడం, అందరి ముందు అవమానించడం, శిక్షగా పని చేయించడం దేనికీ ఆధారం లేదు. అవి మనిషిని చికిత్స నుంచే తరిమేస్తాయి. కొట్టారన్నా, కట్టేశారన్నా ఆ రోజే బయటికి తీసుకురండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం కలిసి 2020లో సవరించి ప్రచురించిన ప్రమాణాల్లో చికిత్స పేషెంట్ సమ్మతితోనే జరగాలని ఉంది. ఇంటివాళ్లతో ఫోన్‌లో మాట్లాడనివ్వం, నెలదాకా చూడనివ్వం అన్న నిబంధన వెనుక ఏముందో గట్టిగా అడగండి.

మానసిక వైద్యుడు వారానికి ఎన్నిసార్లు వస్తాడన్నది కూడా తెలుసుకోండి. మొదటి వారంలో కనిపించే దిగులు మద్యం వల్లనో, విడిగా ఉన్న డిప్రెషన్‌తోనో తేల్చడం కష్టం. రెండు నుంచి నాలుగు వారాలు మానేసి ఉన్నాక మళ్లీ పరీక్షించాలి. చాలా చోట్ల మొదటి రోజు రాసిన చీటీతోనే ఇంటికి పంపేస్తారు.

మద్యం మళ్లీ ముట్టకుండా సాయపడే మందులు ఈ మూడు వారాల్లోనే మొదలవ్వాలి. నాల్ట్రెక్సోన్ రోజుకు 50 మిల్లీగ్రాములు, లేదా అకాంప్రొసేట్ 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి చొప్పున రోజుకు మూడుసార్లు. మొదటిదానికి ముందు కాలేయం, రెండోదానికి ముందు మూత్రపిండాల పరీక్ష చూస్తారు. ఓపియాయిడ్లు వాడేవాళ్లకు నాల్ట్రెక్సోన్ పనికిరాదు. ఈ రెండు మందులనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యావశ్యక జాబితాలో చేర్చింది. డైసల్ఫిరామ్ ఇంకా పాతది, అమెరికాలో 1951లోనే ఆమోదం పొందింది. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆపేసిన రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. పేషెంట్‌కు తెలిసి, ఒప్పుకుని, ఇంట్లో ఒకరి ఎదుట వేసుకుంటేనే దానికి అర్థం. చెప్పకుండా తిండిలో కలపమని సలహా ఇచ్చే సెంటరు గుండెజబ్బు ఉన్న మనిషిని చంపగలదు. ఏం కలిపారో తెలియని, తెలియకుండానే మాన్పించే పొడులకూ ఇదే హెచ్చరిక.

మూత్ర పరీక్షలు, విజయ శాతాలు

పరీక్షల బిల్లు విడిగా వేసే చోట, ఎన్ని రోజులకోసారి, ఎందుకు చేస్తున్నారో అడగండి. హెరాయిన్, మార్ఫిన్ జాడ పట్టే మామూలు ఓపియేట్ కార్డు పరీక్షలో ఫెంటనిల్ అనే ఓపియాయిడ్, మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ దొరకవు, వాటికి వేరే కార్డులు కావాలి. రోజూ గంజాయి తాగిన మనిషికి మానేసిన నెలదాకా పాజిటివ్ రావచ్చు. అది దొంగచాటుగా తాగినట్టు కాదు. మద్యం ఆనవాలు పట్టే ఈటీజీ పరీక్ష సుమారు మూడు రోజుల వెనక్కి చూడగలదు, కానీ మౌత్‌వాష్‌కు, చేతుల శానిటైజర్‌కు కూడా కొద్దిగా పాజిటివ్ రావచ్చు. కార్డు పరీక్షను ల్యాబులో చేసే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షతో నిర్ధారించకుండా ఎవరినీ శిక్షించకూడదు.

గోడ మీద 90 శాతం విజయం అని రాసి ఉంటే ఆ లెక్క ఎలా పుడుతుందో చూడండి. వంద మంది చేరారనుకుందాం. నలభై మంది మధ్యలో వెళ్లిపోయారు, వాళ్లను లెక్కలోంచి తీసేశారు. మిగిలిన అరవై మందికి మూడు నెలల తర్వాత ఫోన్ చేస్తే ముప్ఫై మందే ఎత్తారు. బాగున్నవాళ్లే ఫోన్ ఎత్తుతారు. అందులో ఇరవై ఏడు మంది బాగున్నామన్నారు, పరీక్ష ఏమీ చేయలేదు. ముప్ఫైలో ఇరవై ఏడు, తొంభై శాతం. వందలో చూస్తే ఇరవై ఏడు. 2000 సంవత్సరంలో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం వ్యసనాన్ని బీపీ, ఆస్తమాలతో పోల్చింది. చికిత్స తర్వాత ఏడాదిలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ మొదలుపెడతారు, బీపీ, ఆస్తమాల్లో మళ్లీ ముదిరేది 50 నుంచి 70 శాతం మందికి. మళ్లీ మొదలవడం ఈ జబ్బు స్వభావంలోనే ఉంది కాబట్టి, ఆ మాట మొదటి రోజే చెప్పే సెంటరును మేం ఎక్కువ నమ్ముతాం.

డబ్బు, డిశ్చార్జ్

ఒప్పందంలో రెండు చోట్ల చూడండి. ఐదో రోజు పేషెంట్ వెళ్లిపోతే ఎంత తిరిగి ఇస్తారు? మందులు, పరీక్షలు, డాక్టరు ఫీజు ప్యాకేజీలో ఉన్నాయా, విడిగానా? ఇంకొకటి, ఇరవయ్యో రోజు దాటాక వచ్చే ఫోన్. ఇంకా రెండు నెలలు ఉంచాలి, లేకపోతే చేసినదంతా వృథా అంటారు. నిజంగా అవసరమైన సందర్భాలున్నాయి: ఆత్మహత్య ఆలోచనలు తగ్గకపోవడం, ఇంట్లో ఇంకొకరు తాగుతుండటం, వెళ్లడానికి ఇల్లే లేకపోవడం. అలాంటి కారణం చెప్పకుండా అందరికీ అదే మాట చెబితే అది అమ్మకం.

అడ్మిషన్‌కు ముందే డిశ్చార్జ్ కాగితం నమూనా చూపించమనండి. అందులో ఇవి రాసే చోటు ఉండాలి: ఏడు రోజుల లోపు డాక్టరు అపాయింట్‌మెంట్ తేదీ, ఆ మందులు ఇకముందు రాసేదెవరు, చేతికి ఎన్ని రోజుల మాత్రలు ఇస్తున్నారు, మొదటి నెల ఏ వారాల్లో సెంటరు నుంచి ఫోన్ వస్తుంది, ఒక్కసారి జారితే ఎవరికి చెప్పాలి, చెబితే తిరిగి తీసుకుంటారా. ఓపియాయిడ్ పేషెంట్ అయితే, మోతాదు మించి ఊపిరి ఆగబోతే విరుగుడుగా పనిచేసే నాలోక్సోన్ ఇచ్చి, ముక్కులో కొట్టడమో ఇంజెక్షన్ వేయడమో ఇంట్లో ఇద్దరికి చేయించి చూపించారన్న సంతకం కూడా ఉండాలి. ఆ కాగితమే లేదంటే అడ్వాన్స్ కట్టకుండా వెనక్కి రండి.